రణరంగం చేరని రెక్కలు

యుద్ధ చరిత్ర అనగానే మనస్సులో మెదిలేవి శత్రుసేనలు తలపడిన ఘట్టాలే. విజయాలు శిలాఫలకాల కెక్కుతాయి. వీరమరణాలు పాఠ్యగ్రంథాల కెక్కుతాయి. అయితే శత్రువు ముఖమైనా చూడకుండా, ఒక్క తూటా అయినా పేల్చకుండా ప్రాణాలు కోల్పోయిన వైమానికులు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వేల సంఖ్యలో ఉన్నారు. అమెరికా సైనిక వైమానిక దళం ఆ యుద్ధకాలంలో తన స్వదేశంలోనే ప్రమాదాల వల్ల సుమారు 15,000 మందిని పోగొట్టుకున్నది. వీరిలో శిక్షణ పొందుతూ మరణించినవారు ఎందరో. విమానాలను ఒక చోటి నుండి మరొక చోటికి చేరవేస్తూ మరణించినవారు మరికొందరు. ఈ రెండవ కోవకు చెందినవారిని చరిత్ర తరచు ఒక అంకెగా మాత్రమే చెప్పి ముందుకు సాగిపోయింది.

కర్మాగారం నుండి కదనరంగానికి

కర్మాగారంలో తయారైన విమానం యుద్ధానికి అక్కరకు రావాలంటే ముందుగా అది స్థావరానికి చేరాలి. ఆ చేరవేతనే ఫెర్రీ ప్రయాణం అంటారు. ఒక దళం తన విమానాలతో సహా మరొక స్థావరానికి తరలివెళ్లడం బదిలీ ప్రయాణం. మరమగ్గాల పట్టణమైన భివండీలో, ధామన్కర్ నాకా పరిసరాలలో పెరిగినవారికి ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. నూలు బేళ్లు దారిలో తడిసిపోతే సాంచా ఎంత గట్టిదైనా ఆగిపోవలసిందే. యుద్ధంలోనూ అంతే. సరఫరా తెగితే సైన్యం నిలువదు.

అమెరికాలో తయారైన విమానాలు బ్రెజిల్ తీరం నుండి అట్లాంటిక్ సముద్రాన్ని దాటి, ఆఫ్రికా ఖండం మీదుగా, ఏడెన్ మీదుగా కరాచీ చేరేవి. బ్రిటిష్ విమానాలు అనేకం ఓడలలో పశ్చిమాఫ్రికాలోని టాకోరాడి రేవుకు విడిభాగాలుగా వచ్చి, అక్కడ బిగించిన తరువాత ఎడారుల మీదుగా కైరోకు ఎగిరేవి. ఈ రాకపోకల కోసం భారతదేశమంతటా కొత్త విమానస్థలాలు వెలిశాయి. భివండీకి పొరుగున, కల్యాణ్ సమీపంలోని నేవాళిలో కూడా నాటి ప్రభుత్వం రైతుల భూములను తీసుకొని విమానస్థలం నిర్మించింది. ఆ భూములను తిరిగి ఇవ్వాలని 2017 జూన్‌లో అక్కడి రైతులు తీవ్రంగా ఆందోళన చేసిన సంగతి ఈ ప్రాంతవాసులకు విదితమే. ఎక్కడో జరిగినదనుకొనే యుద్ధం ఇంత దగ్గరగా తన ఆనవాలు విడిచి వెళ్లింది.

అట్లాంటిక్ పైన

1940 నవంబరు 10న న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్ నుండి ఏడు హడ్సన్ విమానాలు డి.సి.టి. బెన్నెట్ నాయకత్వంలో బయలుదేరి, మరునాడు ఏడూ క్షేమంగా ఉత్తర ఐర్లండు చేరాయి. శీతకాలంలో ఆ సముద్రాన్ని గగనమార్గాన దాటడం అసాధ్యమని అనేకులు భావించిన రోజులవి. ఆ విజయంతో చేరవేతలు క్రమంగా పెరిగాయి, ప్రమాదాలూ పెరిగాయి. 1941 ఫిబ్రవరిలో గాండర్ నుండి బయలుదేరిన ఒక హడ్సన్ ఇంజను చెడి న్యూఫౌండ్‌లాండ్‌లోనే కూలిపోయింది. అందులో ప్రయాణిస్తున్న సర్ ఫ్రెడరిక్ బాంటింగ్ గాయాలతో మరణించారు. మధుమేహ రోగులకు ప్రాణప్రదమైన ఇన్సులిన్‌ను 1921లో కనుగొని, 1923లో నోబెల్ బహుమతి అందుకొన్న మహనీయుడాయన. ఆ విమానంలో పైలట్ ఒక్కరే బ్రతికి బయటపడ్డారు.

విమానాలను అప్పగించి తిరిగివెళ్లే పైలట్లకు సైతం భద్రత లేకపోయింది. 1941 ఆగస్టు 10న అలాంటివారిని తీసుకువెళ్తున్న లిబరేటర్ విమానం స్కాట్లండులోని ఆరాన్ ద్వీపంలో కొండను ఢీకొన్నది. 22 మంది మరణించారు. నాలుగు రోజులకే, ఆగస్టు 14న మరో లిబరేటర్ ఎయిర్ పట్టణం వద్ద నేల విడుస్తూనే కూలి మరో 22 మందిని బలిగొన్నది. ఎంతో అనుభవం గడించిన 44 మంది నాలుగు రోజులలో పోవడం ఆ సంస్థకు తీరని లోటు.

వనితా వైమానికులు

బ్రిటన్‌లో ఈ చేరవేత బాధ్యతను అధికంగా వహించినది ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆక్సిలరీ అనే పౌర సంస్థ. యుద్ధకాలంలో ఈ సంస్థ 3,00,000కు పైగా విమానాలను గమ్యస్థానాలకు చేర్చింది. దాని పైలట్లలో నూటికి పైగా మహిళలు. వారు నడిపిన విమానాలలో సాధారణంగా రేడియో ఉండేది కాదు. కంటికి కనిపించే నదులు, రైలు పట్టాలు, ఊళ్లే వారికి దారి చూపేవి. మేఘం కమ్మితే ఆ దారి మాయమయ్యేది.

1930లో ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన తొలి మహిళగా కీర్తి గడించి, ఆ ప్రయాణంలో మన దేశంలోని ఝాన్సీ, కలకత్తాలలో దిగిన అమీ జాన్సన్ ఈ సంస్థలో పనిచేశారు. 1941 జనవరి 5న ఒక ఆక్స్‌ఫర్డ్ విమానాన్ని బ్లాక్‌పూల్ నుండి ఆక్స్‌ఫర్డ్ సమీపానికి చేర్చబోయి, దట్టమైన మేఘాలలో దారి తప్పి, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పడిపోయారు. ఆమెను కాపాడబోయి చలినీటిలో దూకిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచర్ కూడా మరణించారు. ఆమె భౌతికకాయం లభించలేదు.

అమెరికాలో వాస్ప్ అనే మహిళా పైలట్ల దళంలో 38 మంది విధినిర్వహణలో ప్రాణాలు కోల్పోయారు. వారిని సైనికులుగా గుర్తించకపోవడం వల్ల అంత్యక్రియలకు సైనిక లాంఛనాలు దక్కలేదు. శవపేటికను స్వగ్రామానికి పంపడానికి సహచరులే చందాలు వేసుకొన్న సందర్భాలున్నాయి. ఈ దళానికి మాజీ సైనికుల గుర్తింపు 1977లో గాని లభించలేదు. త్యాగం చేసిన తరువాత ముప్పై ఏళ్లకు పైగా నిరీక్షించవలసి రావడం గమనార్హం.

మన ఆకాశంలో

హైదరాబాదు సంస్థానానికి ఈ చరిత్రతో సంబంధమున్నది. నిజాం విరాళాలకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో 110వ, 152వ స్క్వాడ్రన్లకు హైదరాబాదు పేరు పెట్టారు. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా కనిపిస్తుంది. యుద్ధకాలంలో ఈ రెండు స్క్వాడ్రన్లూ ఇండియా, బర్మా రంగంలో పనిచేశాయి. తెలంగాణ పల్లెల నుండి వసూలైన సొమ్ముతో నిండిన ఖజానా ఆ విధంగా బర్మా ఆకాశం దాకా చేరింది.

ఆ రంగంలో శత్రువు కంటె రుతుపవనం భయంకరమైనదని 1944 ఆగస్టు 10న రుజువైంది. ఇంఫాల్ రక్షణలో పాల్గొన్న బ్రిటిష్ 615వ స్క్వాడ్రన్‌ను విశ్రాంతి కోసం కలకత్తా సమీపంలోని బైగాచికి తరలించారు. పాలెల్ నుండి 16 స్పిట్‌ఫైర్ విమానాలు బయలుదేరాయి. ఒక్కొక్క విమానంలో ఒక్కరే పైలట్. మార్గమధ్యంలో కొండలా నిలిచిన వర్షమేఘం ఎదురైంది. అటువంటి మేఘంలో పైకి ఎగజిమ్మే గాలి, దాని ప్రక్కనే క్రిందికి పడదోసే గాలి ఉంటాయి. చిన్న విమానం వాటి మధ్య చిక్కితే తలక్రిందులవుతుంది. అలా పల్టీ కొడితే దిశను, వాలును చూపే గైరో పరికరాలు కూడా ఆనాడు పనిచేయకుండా పోయేవి. ఏది ఆకాశమో ఏది నేలో తెలియని ఆ చీకటిలో కొద్ది నిమిషాలలోనే ఎనిమిది విమానాలు నాశనమయ్యాయి. నలుగురు పైలట్లు మరణించారు. వారిలో దళనాయకుడు, ఆస్ట్రేలియా దేశీయుడు మెకార్మాక్ ఒకరు. ఇంఫాల్ ముట్టడిని తట్టుకొని నిలిచినవారు విశ్రాంతికై వెళ్తూ నేలరాలారు.

అదే ఏడాది మార్చి 24న చిండిట్ దళాల సేనాని వింగేట్ ఇంఫాల్ నుండి అస్సాంలోని లాలాఘాట్‌కు వెళ్తుండగా విమానం మణిపూర్ కొండలలో కూలింది. అందులో ఉన్నవారెవ్వరూ బ్రతకలేదు. నవంబరు 14న ఆగ్నేయాసియా వైమానిక సేనాధిపతిగా బదిలీ అయి వస్తున్న లీ మాలరీ భార్యాసమేతంగా ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతాలలో దుర్మరణం పాలయ్యారు. మంచులో కూరుకుపోయిన శకలాలు 1945 జూన్‌లో గాని కనిపించలేదు. ప్రతికూల వాతావరణంలో బయలుదేరడమే ఆ ప్రమాదానికి మూలమని విచారణలో తేలింది.

అస్సాం నుండి హిమాలయ శ్రేణుల మీదుగా చైనాకు సాగిన సరఫరా మార్గం మరొక మహావిషాదం. 1942 నుండి 1945 వరకు ఆ మార్గాన దాదాపు 6,50,000 టన్నుల సరకు చేరింది. సుమారు 600 విమానాలు, 1,600కు పైగా ప్రాణాలు అందుకు మూల్యంగా చెల్లించవలసి వచ్చింది. లోయలలో మెరిసే విమాన శకలాలను చూసి పైలట్లు ఆ దారిని అల్యూమినియం బాట అని పిలుచుకొన్నారు.

తైహోకు

యుద్ధం ముగిసిన దినాలలోనూ ఈ పరంపర ఆగలేదు. 1945 ఆగస్టు 18న తైవాన్‌లోని తైహోకు వద్ద నేల విడిచిన వెంటనే కూలిన జపాను బాంబర్ విమానం మంచూరియాలో కొత్త పదవికి బదిలీ అయిన జనరల్ షిదేయిని తీసుకువెళ్తున్నది. అందులోనే నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ఉన్నారు. నేతాజీ బృందానికి రెండు చోట్లు మాత్రమే లభించినందున ఆయన వెంట హబీబుర్ రెహమాన్ ఒక్కరే వెళ్లగలిగారు. సైగాన్‌లో ఆగిపోయినవారిలో, 1943లో జలాంతర్గామిలో నేతాజీ వెంట ప్రయాణించిన హైదరాబాదు వాసి ఆబిద్ హసన్ ఒకరు. ఆ ప్రమాదంలోనే నేతాజీ మరణించారని 1956 నాటి షా నవాజ్ కమిటీ, ఆ తరువాత ఖోస్లా కమిషన్ నిర్ణయించాయి. 2005లో ముఖర్జీ కమిషన్ ఆ నిర్ణయంతో విభేదించగా, కేంద్ర ప్రభుత్వం 2006లో ఆ నివేదికను అంగీకరించలేదు.

కారణాలు, గుణపాఠం

ఈ ప్రమాదాలన్నింటినీ పరిశీలిస్తే కొన్ని కారణాలు మరల మరల కనిపిస్తాయి. వాతావరణ సమాచారం చాలలేదు. కొత్త పైలట్లకు మేఘాలలో పరికరాల ఆధారంగా నడిపే అభ్యాసం తక్కువ. విమానాలలో మోయదగినదానికి మించిన బరువు. వీటన్నిటికీ మించినది తొందర. ఆగి వెళ్దామని పైలట్ చెప్పవలసిన చోట, వెళ్లి తీరాలని అధికారం చెప్పింది.

ఈ అనుభవాల నేపథ్యంలోనే 1944 డిసెంబరు 7న చికాగోలో అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడిక కుదిరింది. దానికి అనుబంధంగా వచ్చిన నియమావళి ప్రకారం ప్రమాద విచారణ లక్ష్యం మరో ప్రమాదాన్ని నివారించడమే గాని, నింద మోపడం కాదు. అయినా దారి పూర్తిగా నిరపాయం కాలేదు. 1986 మార్చి 25న సోవియట్ యూనియన్ నుండి మన వైమానిక దళానికి కొత్తగా వస్తున్న ఏఎన్-32 విమానం మస్కట్, జామ్‌నగర్ నడుమ ఏడుగురితో అరేబియా సముద్రంపై అదృశ్యమైంది. 2016 జూలై 22న చెన్నై సమీపంలోని తాంబరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన అదే రకం విమానం 29 మందితో కనిపించకుండా పోయింది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు. సముద్రగర్భంలో దాదాపు 3,400 మీటర్ల లోతున దాని శకలాలు గుర్తించిన సంగతి 2024 జనవరిలో గాని వెల్లడి కాలేదు. ఏడున్నర సంవత్సరాలు ఆ తెలుగు కుటుంబాలు ఆశను వదులుకోలేక, దుఃఖాన్ని దిగమింగలేక గడిపాయి.

ఇంఫాల్‌లోనూ కోహిమాలోనూ ఉన్న కామన్వెల్త్ యుద్ధ శ్మశానవాటికలలో సమాధి ఫలకాలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. పోరులో పడినవాడు, దారిలో పడినవాడు అనే భేదం అక్కడ లేదు. చరిత్ర పాఠంలోనూ ఆ భేదం ఉండరాదు. గెలిచిన ప్రతి యుద్ధం వెనుక, నేసిన ప్రతి గుడ్డ వెనుక, కంటికి కనబడని దారులలో సరకు మోసినవారి శ్రమ ఉన్నది. వారిని కూడా పేరుపెట్టి స్మరించుకోవడం విద్యార్థులు చరిత్ర నుండి నేర్వదగిన సంస్కారం.