సినిమా పాటపై రాయల్టీ హక్కు: చారిత్రక పరిణామం

కొండపల్లి బొమ్మ ఒకసారి అమ్ముడైతే దాన్ని చేసిన కళాకారుడికి ఆ బొమ్మపై మరి రాబడి ఉండదు. పాట మాత్రం రికార్డయిన తరువాత రేడియోలో, టెలివిజన్‌లో, హోటళ్లలో, ఫోన్లలో పదేపదే వినియోగమవుతూనే ఉంటుంది. ఈ వినియోగానికి హక్కుదారులకు లభించే ప్రతిఫలమే రాయల్టీ. ఆ హక్కుదారులు ఎవరన్న ప్రశ్న చుట్టూనే ఈ చరిత్ర నడిచింది.

1957 నాటి చట్టం

గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం సమకూర్చి, పాడిన చిత్రం 'మాయాబజార్'. పాటలు పింగళి నాగేంద్రరావు రాశారు. ఈ చిత్రం విడుదలైన 1957లోనే పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని ఆమోదించింది. చట్టం గీత రచయితను, స్వరకర్తను కర్తలుగా గుర్తించింది. గాయకుడికి మాత్రం ఏ హక్కూ ఇవ్వలేదు.

1977 తీర్పు

రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేయడానికి 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఏర్పడింది. నిర్మాతలు దీన్ని వ్యతిరేకించారు. నిర్మాత ప్రతిఫలమిచ్చి పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కుదారు నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే గాయకుడిని చట్టం విస్మరించిందని, దీన్ని పార్లమెంటు సరిదిద్దాలని జస్టిస్ కృష్ణయ్యర్ అదే తీర్పులో ప్రత్యేకంగా సూచించారు.

సవరణలు

1994 సవరణతో గాయకులకు ప్రదర్శకుల హక్కు లభించింది. అప్పటికి ఘంటసాల మరణించి ఇరవై సంవత్సరాలైంది. రాజ్యసభ సభ్యుడు, గీత రచయిత జావేద్ అఖ్తర్ గట్టిగా వాదించిన 2012 సవరణ మరింత కీలకమైనది. దీని ప్రకారం కాపీరైటును నిర్మాతకు రాసి ఇచ్చినా, సినిమా హాలు ప్రదర్శన మినహా ఇతర వినియోగాలపై వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయిత, స్వరకర్త వదులుకోవడానికి వీల్లేదు. వారసులకు, కాపీరైటు సొసైటీకి మాత్రమే దాన్ని బదిలీ చేయవచ్చు.

రచయిత మరణానంతరం 60 సంవత్సరాల వరకు కాపీరైటు అమలులో ఉంటుంది. 1971లో మరణించిన పింగళి రచనలకు 2031 చివరి వరకు ఈ రక్షణ ఉంది. కాబట్టి రాయల్టీ అనేది కళాకారుడి జీవితకాలంతో ముగిసేది కాదు. అతని కుటుంబ జీవనాధారానికి సంబంధించిన విషయం కూడా.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1977 తీర్పు ప్రకారం సినిమా పాటకు తొలి హక్కుదారు ఎవరు? ఏ పరిస్థితిలో?
2. 2012 సవరణ గీత రచయిత స్థితిని ఎలా మార్చింది?