నొక్కితే ఎవరొస్తారు?

ఇంట్లో పడిపోయిన వృద్ధుల గురించి బర్మింగ్‌హామ్ డాక్టర్లు కొందరు 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. పడ్డాక గంటకు మించి నేల మీదే ఉండిపోయినవాళ్ళలో సగం మంది ఆరు నెలలు తిరక్కుండానే పోయారని అందులో తేలింది. ఎముక విరగకపోయినా సరే, లేవలేక గంటల తరబడి ఒకే పక్కన పడి ఉంటే కండరాలు నలిగి అది కిడ్నీల మీదకొస్తుంది. ఒంట్లో నీరు ఇంకిపోతుంది. చలిదేశాల్లోనైతే ఒళ్ళు చల్లబడి న్యుమోనియా పట్టుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. అందులో 60 దాటినవాళ్ళే ఎక్కువ. పడకుండా చూసుకోవడం ఒక సంగతైతే, పడ్డాక ఎంతసేపటికి ఇంకో మనిషి చెయ్యి అందిందన్నది మరో సంగతి. మెడలో వేసుకునే అలారం బటన్ ఈ రెండోదాని కోసం పుట్టింది. పుట్టి యాభై ఏళ్ళు దాటింది. ఈలోగా బటన్ ఎన్నో రూపాలు మార్చుకుంది గానీ, అది నొక్కితే ఎవరు పలుకుతారు, ఎవరు లేచి వస్తారు అన్న ప్రశ్న మాత్రం మొదట్లో ఎంత ముఖ్యమో ఇప్పుడూ అంతే. కొనేవాళ్ళు తరచుగా మర్చిపోయేదీ అదే.

బటన్ కంటే ముందు తాడు ఉండేది. బ్రిటన్‌లో పురపాలక సంఘాలు ముసలివాళ్ళ కోసం చిన్న చిన్న ఇళ్ళ సముదాయాలు కట్టించి, ప్రతిదానికీ ఒక వార్డెన్‌ని పెట్టేవి. గదిలోనూ బాత్రూంలోనూ పైనుంచి ఒక తాడు వేలాడుతుండేది. లాగితే వార్డెన్ ఇంట్లో గంట మోగేది. ఏర్పాటు చక్కగానే ఉంది. తాడు చివర నేలకి దగ్గరగా ఉండాలన్నది నియమం, ఎందుకంటే పడ్డ మనిషికి అందేది అక్కడే. కానీ నేల తుడిచేటప్పుడు అడ్డొస్తోందనో, కాలికి తగులుతోందనో దాన్ని పైకి చుట్టి ముడేసేవాళ్ళు. నిలబడ్డవాళ్ళ చేతికి అందుతూ, పడ్డవాళ్ళకి అందకుండా పోయేది. ఇప్పటికీ అక్కడ వికలాంగుల సంఘాలు బాత్రూంలలో ఆ ఎర్ర తాళ్ళ ముడులు విప్పమని మొత్తుకుంటూనే ఉన్నాయి. ఈ రంగంలో తర్వాత వచ్చిన వైఫల్యాలు చాలామటుకు ఇలాంటివే. పరికరం బాగానే ఉంటుంది, ఇంట్లో రోజూ జరిగే పనుల మధ్య అది నిలవదు.

తాడు నుంచి మనిషికి విడుదల 1970ల తొలి ఏళ్ళలో దొరికింది. జర్మనీలో విల్హెల్మ్ హోర్మన్ ఒంటరిగా ఉండే వృద్ధులకీ రోగులకీ పనికొచ్చేలా ‘హౌస్‌నోట్‌రూఫ్’ అనే ఏర్పాటు ఆలోచించాడు. మెడలో చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్, ఇంట్లో టెలిఫోన్‌కి తగిలించిన పెట్టె. బటన్ నొక్కితే పెట్టె తనంతట తానే ఫోన్ చేస్తుంది. దాదాపు అదే కాలంలో అమెరికాలో బోస్టన్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త ఆండ్రూ డిబ్నర్, భార్య సూసన్‌తో కలిసి లైఫ్‌లైన్ అనే కంపెనీ పెట్టాడు. 1974 నాటి మాట.

డిబ్నర్ పద్ధతి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఆయన పరికరాలని నేరుగా ఇళ్ళకి అమ్మలేదు, ఆసుపత్రులని ఒప్పించాడు. బటన్ నొక్కితే ఫోన్ మోగేది ఊళ్ళోని ఆసుపత్రిలో. ఫోన్ తీసినవాళ్ళ దగ్గర ఆ మనిషి వివరాల కాగితం ఉంటుంది, దాని మీద ఇంటి తాళంచెవి ఉన్న ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళ పేర్లుంటాయి. ముందు వాళ్ళని పంపుతారు, అవసరమైతేనే అంబులెన్స్. స్పృహ తప్పితే బటన్ నొక్కేదెవరు అన్నదానికీ ఆయన దగ్గర జవాబుంది. పెట్టెలో ఒక టైమర్ పెట్టాడు. ఫోన్ వాడినప్పుడల్లా అది మళ్ళీ మొదటికొస్తుంది. చాలాసేపు ఫోన్ ముట్టుకోకపోతే, బటన్ నొక్కకపోయినా అలారం దానంతటదే వెళ్తుంది. ఇప్పుడు కృత్రిమ మేధ పేరు పెట్టి అమ్ముతున్న చాలా సరుకులో ఉన్న ఆలోచన ఇదే. నా దృష్టిలో ఆ తొలి నమూనాలో లోపించిందల్లా ఇంటి బయట పనిచెయ్యకపోవడం ఒక్కటే.

ఆ రోజుల్లోనే ఇంకో చవక రకం కూడా వచ్చింది. మధ్యలో ఎవరూ ఉండరు. బటన్ నొక్కితే ముందే పెట్టిన నాలుగైదు నంబర్లకి వరసగా ఫోన్ వెళ్ళి, రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. నెలసరి చందా ఉండదు. అవతలివాళ్ళు నిద్రలో ఉంటే అంతే సంగతులు. చందా కట్టే రకమా, కట్టక్కర్లేని రకమా అన్న నేటి మీమాంసకి మూలం అక్కడుంది.

1980ల చివర్లో ఈ సరుకు టీవీకెక్కింది. లైఫ్‌కాల్ అనే కంపెనీ ప్రకటనలో మిసెస్ ఫ్లెచర్ అనే ముసలావిడ నేల మీద పడి, తను పడిపోయాననీ లేవలేకపోతున్నాననీ మెడలోని బటన్‌తో మొరపెట్టుకుంటుంది. ఆ నటన అమెరికా అంతటా నవ్వులాట అయిపోయింది. హాస్య కార్యక్రమాల్లో ఆ మాట అనుకరించని వాళ్ళు లేరు. సరుకు అమ్ముడుపోయింది, నిజమే. దాంతోపాటు ఆ బటన్ మెడలో వేసుకుంటే నలుగురూ నవ్వుతారన్న జంకు కూడా ఇంటింటికీ చేరింది. వ్యాపారం మాత్రం పెరిగి పెద్దదైంది. 2006లో ఫిలిప్స్ కంపెనీ లైఫ్‌లైన్‌ని సుమారు 75 కోట్ల డాలర్లకి కొనుక్కుంది.

ఆ జంకు ఎంత లోతుగా పాతుకుందో 2008లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు జేన్ ఫ్లెమింగ్, కెరోల్ బ్రేన్ చూపించారు. 90 దాటినవాళ్ళని ఏడాది పాటు గమనించారు. చాలామంది దగ్గర అలారం ఉంది. అయినా ఒంటరిగా ఉన్నప్పుడు పడ్డవాళ్ళలో దాదాపు 80 శాతం మంది దాన్ని వాడనే లేదు. కొందరి బటన్ మంచం పక్కన మేకుకి వేలాడుతోంది. కొందరికి చేతికందే దూరంలోనే ఉన్నా, ఇంత చిన్నదానికి ఎవరినో లేపడమెందుకు, నేనే లేవగలను అనుకున్నారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ‘నాకేమయిందిప్పుడు’ అనే మాట ఏ దేశంలోనైనా ఒకటేనన్నమాట.

నొక్కక్కర్లేని బటన్ కోసం కంపెనీలు వెతుకులాడింది ఇందుకే. పరికరంలో కదలికని కొలిచే చిప్ ఉంటుంది. ఒళ్ళు ఒక్కసారిగా కిందికి జారడం, దెబ్బ తగలడం, తర్వాత కదలకపోవడం, ఈ మూడూ వరసగా కనిపిస్తే పడిపోయినట్టు లెక్క. 2018లో ఆపిల్ తన నాలుగో సిరీస్ వాచీలో ఇది పెట్టింది. నిమిషం పాటు మనిషి కదలకపోతే వాచీయే అత్యవసర నంబర్‌కి ఫోన్ చేస్తుంది. చేతికి వాచీ ఉంటే ముసలితనం బయటపడదు కాబట్టి జంకు సమస్య సగం తీరింది. కానీ ముసలివాళ్ళు సినిమాల్లోలాగా దబ్బున పడరు. మంచం అంచు మీంచి మెల్లగా జారతారు, గోడ పట్టుకుని కూలబడతారు. చిప్‌కి దెబ్బ అందదు, అలారం వెళ్ళదు. చపాతీ పిండి గట్టిగా కొడితే మాత్రం వెళ్ళొచ్చు. పైగా వాచీని ఎక్కువగా చార్జింగ్‌లో పెట్టేది రాత్రి. చీకట్లో బాత్రూంకి లేచేదీ అప్పుడే. రోజుల తరబడి చార్జింగ్ అడగని, నీళ్ళలో తడిసినా పాడవని పాతకాలపు లాకెట్‌ని చిన్నచూపు చూడక్కర్లేదు.

జపాన్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. 1996లో టోక్యోలో ఒక వృద్ధ తల్లి, జబ్బుతో ఉన్న కొడుకు ఇంట్లోనే చనిపోతే నెల దాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఘటన కదిలించాక, జోజిరుషి కంపెనీ 2001లో ‘ఐ-పాట్’ అనే విద్యుత్ కెటిల్ తెచ్చింది. టీ కోసం నీళ్ళు పట్టినప్పుడల్లా ఆ సంగతి నమోదై, దూరాన ఉన్న పిల్లలకి ఈమెయిల్‌గా చేరుతుంది. పొద్దున్న టీ పెట్టుకోలేదంటే ఫోన్ చేసి కనుక్కుంటారు. డిబ్నర్ టైమర్ మళ్ళీ ఇంకో వేషంలో వచ్చిందనుకోవాలి. దీనికి ఆపద ముంచుకొచ్చిన నిమిషం తెలియదు. కానీ పెద్దవాళ్ళు వేసుకోవాల్సిందీ నొక్కాల్సిందీ ఏమీ లేదు.

ఇంటి గడప దాటాక కూడా పనిచేసే పరికరాలు మొబైల్ నెట్‌వర్క్, జీపీఎస్ వల్ల సాధ్యమయ్యాయి. పార్కుకి నడకకి వెళ్ళినా, గుడికెళ్ళినా వెంట ఉంటాయి. అయితే జీపీఎస్ ఆకాశం కనబడే చోట చూపించినంత సరిగ్గా నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో చూపించదు. ఇంకో చిక్కు, నెట్‌వర్క్ ఎవరి కోసమూ ఆగదు. 2022లో అమెరికాలో 3జీ ఆపేసినప్పుడు దాని మీద నడిచే అలారాలన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. గడువు పెంచమని అలారం కంపెనీల సంఘం ముందే ప్రభుత్వ కమిషన్‌ని వేడుకున్నా లాభం లేకపోయింది. బ్రిటన్‌లో కథ ఇంకా నడుస్తోంది. అక్కడ దాదాపు 18 లక్షల మంది ఇళ్ళల్లో ఇలాంటి అలారాలున్నాయి, ఫోన్ లైన్లనేమో రాగితీగ నుంచి డిజిటల్‌కి మారుస్తున్నారు. పాత రాగితీగ ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా అది పలికేది. డిజిటల్ లైన్ అలా కాదు, రూటర్ ఆగితే అదీ ఆగుతుంది. కొత్త లైన్లకి మార్చినచోట కొన్ని అలారాలు పనిచెయ్యలేదని తేలాక 2023 చివర్లో బలవంతపు మార్పిడికి విరామమిచ్చారు. పాత లైన్ల మూసివేతని 2025 డిసెంబరు నుంచి 2027 జనవరికి జరిపారు.

డబ్బెవరు పెట్టుకోవాలన్నది దేశాన్నిబట్టి మారుతుంది. జర్మనీలో సంరక్షణ బీమా, అర్హత ఉన్నవాళ్ళకి నెలకి 25.50 యూరోలిస్తుంది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మామూలు మెడికేర్ పైసా ఇవ్వదు.

మన దగ్గర ఈ చరిత్రలో మధ్య అధ్యాయమే లేదు. ల్యాండ్‌లైన్ ఇంటింటికీ రాకముందే సెల్ వచ్చింది. అలారం బటన్ కంటే అంబులెన్స్ ముందొచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 తర్వాత చాలా రాష్ట్రాలకి పాకింది. 2017 జనవరి నుంచి దేశంలో అమ్మే ప్రతి సెల్‌ఫోన్‌లోనూ ఆపద బటన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. మామూలు ఫోన్‌లో 5 గానీ 9 గానీ అదిమి పట్టుకుంటే, స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ మూడుసార్లు నొక్కితే అత్యవసర నంబర్ 112కి ఫోన్ వెళ్ళాలి. ఇది తెలిసిన పెద్దవాళ్ళు ఎంతమంది కనిపిస్తారో మీరే అడిగి చూడండి. హైదరాబాద్‌లో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చిన వృద్ధుల హెల్ప్‌లైన్, ఎల్డర్ లైన్ 14567, పింఛన్లకీ సలహాలకీ వేధింపుల ఫిర్యాదులకీ పనికొస్తుంది. అది పొద్దున్న 8 నుంచి రాత్రి 8 వరకే కాబట్టి పడ్డప్పుడు దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలకి గుంటూరులో ఉన్న అమ్మ సంగతి తెలిపే టైమర్ నిజానికి వాట్సాప్. పొద్దున్నే దేవుడి బొమ్మతో శుభోదయం రాలేదంటే గుండె జారుతుంది, ‘లాస్ట్ సీన్’ ఎన్ని గంటలకో చూస్తారు, పక్కింటివాళ్ళకి ఫోన్ కొడతారు. ఇప్పుడు వీళ్ళ కోసం నగరాల్లో చందా సర్వీసులు వచ్చాయి. లాకెట్ ఇస్తారు, కాల్ సెంటర్ ఉంటుంది, మనిషిని పంపుతామంటారు. వాళ్ళని అడగాల్సినవి బ్రోషర్‌లో ఉండవు. రాత్రి రెండింటికి ఫోన్ తీసేవాళ్ళకి తెలుగొచ్చా? పరికరంలో సిమ్ ఏ కంపెనీది, మన వీధిలో దానికి సిగ్నల్ ఉందా? వచ్చే మనిషి ఎంత దూరంలో ఉంటాడు? నెలకోసారి బటన్ నొక్కి చూడనిస్తారా, లేక విసుక్కుంటారా?

వీటన్నిటికీ మంచి జవాబులే దొరికాయనుకుందాం, తలుపు సంగతి మిగిలే ఉంది. బ్రిటన్‌లో గుమ్మం పక్క గోడకి నంబర్ తాళమున్న చిన్న పెట్టె బిగించి ఇంటి తాళంచెవి అందులో ఉంచుతారు, ఆ నంబర్ అలారం కేంద్రానికి చెబుతారు. మన ఇళ్ళల్లో రాత్రయితే వరండా గ్రిల్‌కి లోపలినుంచి తాళం, సింహద్వారానికి పైనా కిందా గడియలు, బాత్రూంకి మళ్ళీ ఇంకో గడియ. పక్కింటి పిన్నిగారి దగ్గర మారుతాళం ఉన్నా, 108 పావుగంటలో వచ్చినా, గునపం వెతుక్కోవాల్సిందే. అలారం బిగించేరోజే వడ్రంగిని కూడా పిలిపించాలి. సింహద్వారం గడియలు తీయించి బయటి నుంచి తాళంచెవితో తెరుచుకునే లాక్ పెట్టించాలి. గ్రిల్ తాళానికి మారుచెవి ఇంకొకటి చేయించాలి. బాత్రూం తలుపుకి లోపలి గడియ పూర్తిగా తీయించెయ్యాలి.