కొలువు మీదే చూపు, శిక్షణకు చిన్నచూపు

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు ఊళ్లతో పాటు పంతుళ్లూ మూడు జిల్లాల నుంచి వచ్చి కలిశారు. సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక పాత మెదక్‌వి. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి కరీంనగర్‌వి. చేర్యాల, కొమురవెల్లి వరంగల్‌వి. ఒకే స్టాఫ్‌రూములో కూర్చునే సార్లకు అందిన శిక్షణ మాత్రం ఒకటి కాదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నిజాం కాలంలో పై చదువులు ఉర్దూలో సాగాయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనా భాష అదే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక బడులు తెలుగుకు మళ్లాయి. తెలుగులో పాఠం చెప్పగల శిక్షితులు ఇక్కడ చాలలేదు. స్థానికులకు శిక్షణ ఇచ్చి తయారుచేసుకోవడం ఆలస్యమయ్యే పని, ఆంధ్ర ప్రాంతం నుంచి తెచ్చుకోవడం సులువు. సర్కారు సులువైనదే ఎంచుకుంది. 1952లో వరంగల్‌లో టీచర్ల నియామకాల మీద రాజుకున్న, కొలువులు స్థానికులకే (ముల్కీలకే) ఇవ్వాలన్న ముల్కీ ఆందోళన, సెప్టెంబరు నాటికి హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. అప్పటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు.

ఆ తర్వాత చర్చంతా కొలువు ఎవరిదన్న దాని చుట్టూనే తిరిగింది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1970 ఉప ఎన్నికలో సిద్దిపేట నుంచి తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థిగా అనంతుల మదన్‌మోహన్ గెలుపు, 1973 ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610 జీవో. పోరాటం న్యాయమైనదే. కానీ టీచరు ఎక్కడివాడని అడిగినంత గట్టిగా, ఎలా తయారయ్యాడని ఎవరూ అడగలేదు.

బోధన గురించిన కొత్త ఆలోచనలు ఎక్కువగా బయటి డబ్బుతోనే వచ్చాయి. బ్రిటిష్ సాయంతో 1980ల్లో మొదలైన ఏపీపెప్ ప్రాథమిక విద్యా పథకం పిల్లలతో పని చేయించి నేర్పే పద్ధతిని బడుల్లోకి తెచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం వెంట జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు, అంటే డైట్‌లు వచ్చాయి. మెదక్ జిల్లా డైట్ హవేలీ ఘన్‌పూర్‌లో వెలిసింది. 1990ల నడుమ జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) వచ్చినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో తొలి విడత అయిదు జిల్లాల్లో కరీంనగర్, వరంగల్ ఉన్నాయి, మెదక్ లేదు. హుస్నాబాద్, చేర్యాల బడులు ఆ పథకం పరిధిలోకి వచ్చిన నాటికి సిద్దిపేట బడులు బయటే ఉన్నాయి. జిల్లా గీత ఏ వైపు పడితే శిక్షణ నిధులు ఆ వైపు!

రాష్ట్ర ఖజానా మాత్రం చౌక దారులు వెతికింది. 1980ల్లో నెలకు 398 రూపాయలకు తీసుకున్న స్పెషల్ టీచర్లను ఉపాధ్యాయ లోకం నేటికీ ఆ అంకెతోనే పిలుస్తుంది. ఆ తర్వాత విద్యా వాలంటీర్లు.

1995లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ)కి చట్టబద్ధ అధికారం వచ్చింది. అయినా ప్రైవేటు బీఎడ్ కాలేజీలు వీధి వీధినా లేచాయి. హాజరు లేకుండానే పట్టా అన్న మాట జనంలో నానింది. 2012లో జస్టిస్ వర్మ కమిషన్ వ్యవస్థ లోపాలను ఎత్తిచూపింది. బీఎడ్ 2015 నుంచి రెండేళ్లయింది. పట్టాలు అమ్ముకుంటున్న కాలేజీల సంగతి 2020 జాతీయ విద్యా విధానం కూడా దాచలేదు.

సిద్దిపేట గడ్డ మీది నుంచే లేచిన కేసీఆర్ ఉద్యమ నినాదం నీళ్లు, నిధులు, నియామకాలు. రాష్ట్రం వచ్చాక మూడో మాట టీచర్ల దాకా రావడానికి మూడేళ్లు పట్టింది; 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. 2021 డిసెంబరులో 317 జీవో సీనియారిటీ ప్రకారం టీచర్లను కొత్త జిల్లాలకు కేటాయించి వేల కుటుంబాలను కదిలించింది. 2024లో 11,062 పోస్టులకు టీచర్ల ఎంపిక పరీక్ష డీఎస్సీ జరిగింది. ఈలోగా కోర్టులూ రంగంలోకి దిగాయి: ప్రాథమిక పాఠశాల పోస్టులకు బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. సర్వీసు అయిదేళ్లకు మించి మిగిలిన టీచర్లు రెండేళ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పాస్ కావాలని 2025 సెప్టెంబరు 1న చెప్పింది. ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన సార్లు ఇప్పుడు గైడ్లు కొంటున్నారు. వాళ్ల తప్పేమిటి? నియమించిన నాడు సర్కారు అడిగిన అర్హతలన్నీ వాళ్లకున్నాయి.

వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చిన నాయకుణ్ని డీఎస్సీ ఎప్పుడని ఎలాగూ అడుగుతారు. డైట్‌లో ఎంతమంది రెగ్యులర్ లెక్చరర్లున్నారో కూడా అడగండి.