బొటనవేలి ముందు చక్రవర్తి

పగలంతా నిక్షేపంగా తిరిగిన మనిషి అర్ధరాత్రి కెవ్వుమని లేస్తాడు. కాలి బొటనవేలో, చీలమండో ఎర్రగా వాచిపోయి నిప్పుకణికలా ఉంటుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పని. గౌట్ అంటే ఇదే.

మనం క్షయని రాజరోగమన్నాం. పడమటివాళ్ళకి రాజుల జబ్బంటే గౌటే. మాంసమూ మద్యమూ పుష్కలంగా ఉన్న ఇళ్ళనే వెతుక్కుంటూ వెళ్ళేది మరి! సగం యూరప్‌ని ఏలిన అయిదో చార్లెస్ చక్రవర్తి ఈ నొప్పితో ఏళ్ళ తరబడి నలిగి, చివరికి 1556లో సింహాసనం వదిలేశాడు. భద్రపరచిన ఆయన వేలి ముక్కని 2006లో పరీక్షిస్తే యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు కనిపించాయి. రక్తంలో ఆ ఆమ్లం ఎక్కువై, కీళ్ళలో సూదుల్లా పేరుకోవడమే ఈ బాధకి మూలం. గౌట్ రోగుల రక్తంలో అది ఎక్కువుంటుందని గరాడ్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848లో చూపించాడు.

అమెరికా పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1780లో తనకీ గౌట్‌కీ సంభాషణ రాసుకున్నాడు. అందులో గౌట్‌ని ఆడమనిషిని చేశాడు! తిండి ఎక్కువ, నడక తక్కువ అని ఆవిడ ఆయన్ని కడిగేస్తుంది.

నిజానికి ఆడవాళ్ళ జోలికి ఇది తొందరగా రాదు. బహిష్టులు ఆగేదాకా స్త్రీకి గౌట్ రాదని హిప్పోక్రటీస్ కాలంలోనే అన్నారు. ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్ళూ మూత్రపిండాలు యూరిక్ ఆమ్లాన్ని బాగా బయటికి పంపుతాయి. ఆ తర్వాత ఆ రక్ష పోతుంది. అందుకని, అమ్మాయ్, యాభై దాటిన అమ్మ కాలు ఉన్నట్టుండి వాస్తే "బెణికిందిలే" అని నూనె రాసి ఊరుకోకు. బెణుకే కావచ్చు, ఎముక చిట్లడం కావచ్చు, చీము పట్టడమూ కావచ్చు. జ్వరం ఉన్నా, కాలు కింద మోపలేకపోయినా వెంటనే డాక్టరుకి చూపించాలి. ఈలోపల కాలు ఎత్తున పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు ఉంచితే ఉపశమనం.

అన్నట్టు, యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ 1966లో వాడకంలోకి వచ్చింది. దాన్ని కనిపెట్టినవాళ్ళలో గెర్‌ట్రూడ్ ఎలియన్ ఒకరు. చదువైపోయాక, ఆడపిల్లవని ప్రయోగశాలలు ఉద్యోగం ఇవ్వలేదు. కొన్నాళ్ళు ఓ కిరాణా కంపెనీలో ఊరగాయల పులుపు పరీక్షించింది. 1988లో నోబెల్ బహుమతి అందుకుంది.

చక్రవర్తిని కూలేసిన నొప్పికి మందు వెతికిన చెయ్యి, ఊరగాయల పులుపు చూసిన చెయ్యేనన్నమాట!