111వ ఉత్తర్వు: మూసీ చెప్పిన పాఠం



పొలం ఎవరిదో పట్టాదారు పుస్తకం చెబుతుంది. ఆ పొలంలో ఏమి కట్టవచ్చునో, ఏమి కట్టరాదో చెప్పేది భూవినియోగ నిబంధన. మొదటిది స్వామ్యానికి, రెండవది వినియోగానికి సంబంధించినది. ఈ రెంటి నడుమ పేచీ ఎంత దూరం పోగలదో తెలియడానికి హైదరాబాదు శివార్లలోని 84 గ్రామాల చరిత్ర చాలును.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రాణాలు గంగపాలయ్యాయి. నిజాం ప్రభుత్వం పిలుపుపై మరుసటి యేడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ ఉపద్రవానికి మూలం ఎగువన వెదికారు. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలింది. ఆయన పథకం మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను పట్టి నిలపడం వాటి ప్రధానోద్దేశం. నగరం దాహం తీర్చడం దానికి తోడైన ప్రయోజనం.

నగరం పెరిగింది. వాన నీటిని జలాశయాలకు చేర్చే వాగులకు కట్టడాల బెడద మొదలైంది. 1996 మార్చి 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 111 వెలువరించింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్యకారక పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస సముదాయాలు నిషిద్ధం. కొత్త లేఔటులో 60 శాతం రోడ్లకు, ఖాళీ స్థలానికి విడువవలెను. అన్ని అంతస్తులూ కలిపినా కట్టడం వైశాల్యం స్థలంలో సగానికి మించరాదు.

శాసించిన చేయే సడలించిన ముచ్చట కూడ ఉంది. మరుసటి సంవత్సరమే ఆముదపు ఉత్పత్తుల కర్మాగారమొకదానికి ప్రభుత్వం మినహాయింపు నిచ్చింది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. హాని జరిగిన పిమ్మట చింతించుట కంటె ముందే వారించుట మేలనే సూత్రాన్ని ఆధారం చేసుకొని, 2000 డిసెంబరులో న్యాయస్థానం ఆ మినహాయింపు చెల్లదన్నది.

రైతుల మొర మాత్రం ఏ తీర్పూ తీర్చలేదు. పక్క ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమికి ధర లేదు. బిడ్డ పెండ్లికి అమ్ముదామన్నా బేరం కుదరదు. నగరం నీళ్ళు తాగింది; ఆ నీటికి కావలి కాసిన ఊళ్ళకు పరిహారం లేదు. ఆ ఊళ్ళలోనే సంపన్నుల విడిది గృహాలు మాత్రం లేచాయి. నిబంధన బలహీనుని పట్ల ఉక్కుగోడగా, బలవంతుని పట్ల దడిగా నిలిస్తే దానిపై ఎవరికి గౌరవముంటుంది?

2022 ఏప్రిల్ 12న తెలంగాణ ప్రభుత్వం జి.ఓ. 69తో ఆ ఆంక్షలను తొలగించింది. నీటి నాణ్యత చెడరాదన్నది షరతు. ఈ జలాశయాలు నగరానికిప్పుడు ప్రధాన తాగునీటి వనరు కావన్నది కారణం. ఆ మాట నిజమే. కాని అవి కట్టింది మొదట వరద కొరకు గదా! కృష్ణా, గోదావరుల నుండి తాగునీరు తెచ్చుకోవచ్చు. ముంపు నాపే చోటును ఎక్కడి నుండి తెచ్చుకుంటాము?

2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల గేట్లెత్తగా మూసీ మహాత్మాగాంధీ బస్‌స్టేషను ఆవరణలోకి వచ్చింది. 117 ఏళ్ళ నాటి ప్రళయమూ ఆ వారంలోనిదే. రైతుకు న్యాయమైన పరిహారమిచ్చి నిబంధన నిలుపుకొనుట ఖర్చుతో కూడిన పనే. నిలుపుకోకపోతే అయ్యే ఖర్చు 1908లో ఒకసారి చెల్లించాము.