ఎక్స్‌రే కవరు నుంచి కంప్యూటరు దాకా

ఒకప్పుడు బాగేపల్లి, చింతామణి బస్టాండుల్లో బెంగుళూరు బస్సు కోసం నిలబడ్డ రోగుల చేతుల్లో ఒక పెద్ద కవరు కనిపించేది. అందులో ఎక్స్‌రే ఫిల్ము. చాలామంది దాన్ని ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున దాచేవాళ్లు. బొమ్మకు కాపలాదారు రోగే అన్నమాట.

రాంట్‌జన్ 1895 నవంబరు 8న జర్మనీలో ఈ కిరణాలను కనుగొన్నాడు. తర్వాత చాలాకాలం బొమ్మంటే వెండి లవణాలు పూసిన గాజు పలకో, ఫిల్మో. ఆ వెండి కోసం పాత ఫిల్ములను తూకానికి కొనేవాళ్లూ ఉన్నారు!

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, హౌన్స్‌ఫీల్డ్ తయారు చేసిన యంత్రంతో, మొదటిసారి ఒక రోగి తలకు సి.టి. స్కాన్ తీశారు. ఈ బొమ్మ అంకెలుగా పుట్టింది. 80 వరుసలు, వరుసకు 80 చుక్కలు, మొత్తం 6,400. నేటి యంత్రంలో సాధారణంగా ఒక్కో బొమ్మకు 2,62,144 చుక్కలు, అంటే అర మెగాబైటు. ఒక పరీక్షలో 300 బొమ్మలుంటే 150 మెగాబైట్లు. పాత ఫ్లాపీల్లో నింపాలంటే వందకు పైగా కావాలి. ఇదంతా ఒక మనిషికి, ఒక్క పరీక్షకు! రోజూ ఎందరో వచ్చే ఆసుపత్రి ఎంత దాచాలో మీరే లెక్క వేసుకోండి.

చోటు ఒక్కటే చిక్కు కాదు. మొదట్లో ఒక కంపెనీ యంత్రం దాచిన బొమ్మను మరో కంపెనీ యంత్రం చదవలేకపోయేది. అమెరికాలో రేడియాలజిస్టులు, తయారీదారులు 1983లో కలిసి కూర్చుని ఉమ్మడి పద్ధతికి పూనుకున్నారు. అదే 1993 నాటికి డైకామ్ అయింది. దానివల్లే ఒక ఊళ్లో తీసిన బొమ్మను మరో ఊళ్లో చూడగలుగుతున్నాం. మనకు పొరుగున ఉన్న చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరంలోనే అపోలో వాళ్లు ఉపగ్రహం ద్వారా దూరవైద్యం మొదలుపెట్టారు.

మనది సరిహద్దు సీమ. చిక్కబళ్లాపురం 2007లో కోలారు నుంచి విడిపోయి జిల్లా అయింది. బాగేపల్లి రోగి ఒకసారి బెంగుళూరు వెళతాడు, మరోసారి రాష్ట్రం దాటి పుట్టపర్తి వెళతాడు. పాత బొమ్మ చేతిలో లేకపోతే మళ్లీ స్కాన్ తీయాల్సి రావచ్చు. డబ్బూ పోతుంది, కిరణాలూ మరోసారి ఒంట్లోకి పోతాయి. పెరిగిందా తగ్గిందా అని పోల్చి చూడడానికి ఆధారమూ ఉండదు.

2002 నాటి వైద్యమండలి నియమాల ప్రకారం, చేర్చుకున్న రోగి రికార్డులను చికిత్స మొదలైననాటి నుంచి 3 ఏళ్లు ఉంచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2021లో దేశమంతటికీ వచ్చిన డిజిటల్ ఆరోగ్య పథకంలో ఆభా నంబరు ఇస్తున్నారు. అయితే ఆ నంబరు దారి చూపుతుందే గాని బొమ్మను తన దగ్గర దాచదు. తీసిన ఆసుపత్రి చెరిపేస్తే అది తెచ్చివ్వలేదు. అందుకే కాగితం రిపోర్టుతో సరిపెట్టుకోక, బొమ్మలున్న సి.డి.నో, పెన్ డ్రైవునో కూడా అడిగి తీసుకోండి. పేరు, తేదీ సరిగా ఉన్నాయో లేదో అక్కడే తెరిచి చూపించమనండి.