పౌరమరణం: రద్దయిన శిక్ష, మిగిలిన నిషేధం

ఘోరనేరం రుజువైన వ్యక్తిని బతికుండగానే చట్టదృష్టిలో మృతునిగా పరిగణించడమే ‘పౌరమరణం’. ఫ్రాన్సులో 1804 నాటి పౌరస్మృతి ప్రకారం అటువంటి దోషి ఆస్తి వారసులకు సంక్రమించేది, వివాహం రద్దయ్యేది. 1854లో ఆ దేశం దీనిని తొలగించింది. ఇంగ్లండులో రాజద్రోహ, ఘోరనేర నిర్ధారణల వెంట వచ్చే ఆస్తిజప్తు 1870 చట్టంతో ముగిసింది. భారత శిక్షాస్మృతిలోని జప్తు నిబంధనలైన 61, 62 సెక్షన్లు 1921లో రద్దయ్యాయి.

ఆస్తి విషయంలో తొలగిన ఈ హక్కులేమి మన దేశంలో ఓటు విషయంలో నేటికీ ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) సెక్షన్ జైలులో ఉన్నవారికి ఓటు నిరాకరిస్తుంది. ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి మాత్రం మినహాయింపు. దీనిని 1997లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఫలితంగా నేరం రుజువుకాని విచారణ ఖైదీ ఓటు వేయలేడు. శిక్ష పడి బెయిలుపై ఉన్నవాడు సాధారణంగా వేయగలడు. దోషనిర్ధారణతో నిమిత్తం లేకుండా నిర్బంధమే హక్కును హరిస్తున్న ఈ స్థితిని పౌరమరణ చరిత్ర వెలుగులో పునఃపరిశీలించవలసి ఉంది.